గానుగ నుంచి డబ్బా దాకా: మన వంటనూనె నడిచిన దారి

మన వేదిక ఏటా తెచ్చే ఈ పుస్తకంలో ఎప్పుడూ వీసా రూల్సు, జీతం బకాయిలు, అకామా, ఇన్సూరెన్సు గురించే ఎక్కువ రాస్తుంటాం. ఈసారి వాటితో పాటు వంటనూనె గురించి కూడా రాయాలనుకున్నాం. నూనె గురించి రాయడానికి ఏముంటుంది అనిపించవచ్చు. రూంలో నెల సామాను చీటీ రాసుకునేటప్పుడు బియ్యం ఏ రకం అన్నదాని మీద అరగంట మాట్లాడుకుంటాం. చికెన్ తాజాదా, ఫ్రోజెన్‌దా అని పట్టుబడతాం. నూనె దగ్గరికి వచ్చేసరికి మాత్రం “ఏది అగ్గువైతే అది పట్టుకురా” అని ఒక్క మాటతో తేల్చేస్తాం.

ఇక్కడ చనిపోయిన మనవాళ్ళను ఊరికి పంపే పనిలో మేము పాలుపంచుకుంటాం. నలభై, నలభై ఐదేళ్ళ మనుషుల కాగితాల్లో కారణం అన్నచోట గుండె ఆగిపోవడం అని రాసి ఉండడం చూస్తూనే ఉన్నాం. వాటన్నిటికీ నూనే కారణం అని మేము అనడం లేదు. ఎండ ఉంది, నిద్ర లేకపోవడం ఉంది, అప్పుల దిగులు ఉంది, సిగరెట్టు ఉంది, చూపించుకోని బీపీ, షుగర్ ఉన్నాయి. వీటిలో చాలావాటిని ఒక్క రోజులో మార్చలేం. నూనె డబ్బాను మాత్రం వచ్చే నెల సామాను చీటీలోనే మార్చుకోవచ్చు.

అయితే ఏ నూనె మంచిది అని నేరుగా చెప్పేస్తే సరిపోదు. ఒకరు పామాయిల్ విషం అంటారు, ఇంకొకరు రిఫైన్డ్ అసలు ముట్టుకోవద్దంటారు, వాట్సాప్‌లో రోజుకో వీడియో వస్తుంది. మనం ఈ నూనెల దగ్గరికి ఎట్లా వచ్చామో తెలిస్తే ఈ గందరగోళం కొంత తగ్గుతుంది. అందుకే ముందు చరిత్ర చెప్పి, తర్వాత రూం సంగతికి వస్తాం.

పేరులోనే నువ్వులు

నూనె అన్న మాట నువ్వు, నెయ్యి కలిసి పుట్టింది. అంటే నువ్వుల నెయ్యి. సంస్కృతంలో తైలం అన్న మాట కూడా తిలల నుంచి వచ్చిందే. తిలలంటే నువ్వులు. తమిళుల ఎణ్ణెయ్ కూడా ఇట్లాగే పుట్టింది. ఒకప్పుడు మన దేశంలో నూనె అంటే నువ్వుల నూనే అని ఈ మాటలే సాక్ష్యం చెబుతున్నాయి. కోస్తాలో దాన్ని పప్పునూనె అన్నారు. తెలంగాణ, సీమల్లో చాలా ఊళ్ళల్లో మంచినూనె అన్నారు. దీపానికి, తలకు, బండి ఇరుసుకు వాడే ఆముదం వేరు, తినే మంచినూనె వేరు.

నువ్వులొక్కటే కాదు, నేలను బట్టి ఇతర గింజలూ ఉండేవి. తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగళ్ళలో కుసుమలు పండించి నూనె తీసేవాళ్ళు. అరకు కొండల్లో పసుపు పచ్చగా పూసే వలిసెలు, అంటే వెర్రి నువ్వులు, నూనె గింజలే. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో ఆదివాసులు ఇప్ప గింజల నుంచి నూనె తీసుకునేవాళ్ళు.

గింజలను ఆడేది గానుగ. పెద్ద రాతి రోలో, చెక్క రోలో ఉంటుంది. అందులో రోకలి. ఆ రోకలికి కట్టిన కాడిని ఎద్దు గుండ్రంగా తిప్పుతుంది. తెలికుల, గాండ్ల కులాలవాళ్ళకు ఇదే వృత్తి. రైతులు గింజలు తీసుకుపోతే ఆడించి నూనె ఇచ్చేవాళ్ళు. మిగిలిన పిండి పశువులకు పోయేది. నువ్వుల తెలగపిండి అయితే గోదావరి జిల్లాల్లో మనుషులకు కూడా మంచి కూర.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. “మా తాత గానుగ నూనె తిన్నాడు, తొంభై ఏళ్ళు బతికాడు” అని మనలో చాలామంది అంటారు. గానుగ నూనె తిన్నమాట నిజమే. ఎంత తిన్నాడన్నది మాత్రం మర్చిపోతాం. ఎద్దు గానుగలో రోజంతా తిప్పితే వచ్చేది కొద్ది నూనె. కాబట్టి ఇంట్లో నూనెను పొదుపుగా వాడేవాళ్ళు. రోజువారీ తిండి అంబలి, గటక, సంగటి, అన్నం, పప్పు, పులుసు, పచ్చడి. తాలింపుకు చెంచా నూనె. బూరెలు, గారెలు, సకినాలు పండగకే. పైగా తాత రోజంతా పొలంలో నడిచాడు. తాత ఆరోగ్యంలో గానుగకు ఎంత వాటా ఉందో, ఆ చెంచాకు కూడా అంత వాటా ఉంది.

కరారులో రాసిన నూనె

మనలాగా పనికోసం సముద్రం దాటినవాళ్ళు అప్పుడు కూడా ఉన్నారు. బానిసత్వం రద్దయ్యాక 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ తోటలకు మన దేశం నుంచి కూలీలను కరారు మీద తీసుకుపోయారు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు.

ఆ కరారుల్లో జీతంతో పాటు రేషను కూడా రాసి ఉండేది. బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుచేప, వాటితో పాటు నూనె లేదా నెయ్యి. అంటే నూనె ఆనాటి కూలీకి కాగితం మీద హక్కు. ఆ హక్కు చేతికి ఎంత వచ్చేదన్నది వేరే సంగతి. మారిషస్‌లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసే ‘డబుల్ కట్’ అనే పద్ధతి ఉండేది. ఏ నూనె ఇవ్వాలి, ఎంత మంచిది ఇవ్వాలి అని కూలీని అడిగినవాళ్ళు లేరు. ఎస్టేటు ఏది తెప్పిస్తే అదే తిన్నారు.

ఈ రోజు మన ఒప్పందాల్లో రేషన్ బదులు ఫుడ్ అలవెన్సు అని ఉంటోంది, లేదా కంపెనీ మెస్సు ఉంటోంది. మెస్సులో ఏ నూనె పోస్తున్నారో మనకు చెప్పరు. అలవెన్సు చేతికొస్తే అందులో మిగిల్చి ఇంటికి పంపాలని చూస్తాం. మిగిల్చేది ఎక్కువగా నూనె దగ్గరే, కూరగాయల దగ్గరే. నూట అరవై ఏళ్ళలో కాగితం మారింది గానీ ఈ చిక్కు పూర్తిగా తీరలేదు.

పల్లీ వచ్చింది, గానుగ తగ్గింది

పల్లీ మన పంటే అని మనం అనుకుంటాం. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన నేలకు వచ్చాక కూడా చాలాకాలం అది చిన్న పంటే. 1800ల చివరి భాగంలో ఫ్రాన్సులోని మార్సెయ్ మిల్లులకు నూనె కోసం, సబ్బుల కోసం గింజలు కావలసి వచ్చాయి. పాండిచ్చేరి రేవు మీదుగా మద్రాసు రాష్ట్రం పల్లీలు అక్కడికి ఓడలెక్కాయి. అట్లా ఎగుమతి కోసం పెరిగిన పంట తర్వాత మన వంటింట్లోకి వచ్చింది. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, పాలమూరు ఎర్రనేలల్లో వర్షాధారంగా పండే పంట ఇది. ఆదోని లాంటి ఊళ్ళల్లో నూనె మిల్లులు లేచాయి. మర నూనె చవకగా, ఎక్కువగా వచ్చేసరికి ఎద్దు గానుగలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

పల్లినూనె, శనగనూనె, వేరుశనగ నూనె. పేరు ఏదైనా, మన అమ్మల తరానికి వంటనూనె అంటే అదే. ఆరోగ్యం లెక్కన కూడా అది మంచి నూనెల్లోనే ఉంటుంది. అందులో గడ్డకట్టే రకం కొవ్వు, అంటే సంతృప్త కొవ్వు, దాదాపు ఐదో వంతు. మిగిలిందంతా గుండెకు అంత చెరుపు చేయని రకం.

డాల్డా కాలం

నెయ్యి తినాలని అందరికీ ఉంటుంది, కొనే స్తోమత అందరికీ ఉండదు. ఈ కోరిక మీదనే డాల్డా వ్యాపారం నడిచింది. నూనెలో హైడ్రోజన్ వాయువు ఎక్కించి నెయ్యిలా గట్టిపడేట్టు చేసే పద్ధతిని విల్‌హెల్మ్ నార్మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త కనిపెట్టి 1902లో పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1937లో డాల్డా పేరుతో లీవర్ కంపెనీ దాన్ని అమ్మింది. అంతకుముందు దిగుమతి చేసుకునే కంపెనీ పేరు దాదా. దాని మధ్యలో లీవర్‌లోని ‘ఎల్’ అక్షరం చేర్చి డాల్డా అన్నారు. వనస్పతి ఏ కంపెనీదైనా మనవాళ్ళు డాల్డా అనే పిలిచారు. ఖాళీ డబ్బాలో బియ్యం కొలిచారు, తులసి మొక్క పెట్టారు, స్నానానికి చెంబులా వాడారు.

డాల్డాను నెయ్యిలో కల్తీ చేస్తారని మొదటినుంచీ భయం ఉండేది. పట్టుకోవడానికి ప్రభుత్వం ఒక ఉపాయం చేసింది. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని రూలు పెట్టింది. నువ్వుల నూనె ఉంటే పరీక్షలో ఎర్రటి రంగు వస్తుంది. నెయ్యిలో ఆ రంగు కనపడితే డాల్డా కలిసిందని అర్థం. ఒకప్పుడు నూనె అంటే తానే అయిన నువ్వుల నూనె చివరికి కల్తీని పట్టిచ్చే గుర్తుగా మిగిలింది.

డాల్డాలో అసలు చిక్కు తర్వాత బయటపడింది. నూనెను సగం గట్టిపరిచేటప్పుడు ట్రాన్స్ కొవ్వు అనేది పుడుతుంది. అది రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపించారు. ట్రాన్స్ కొవ్వు వల్ల ప్రపంచంలో ఏటా 5 లక్షలకు పైగా గుండెజబ్బు మరణాలు జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసి, 2018లో దాన్ని పూర్తిగా తీసేయాలని దేశాలను కోరింది. మన దేశంలో నూనెలు, వనస్పతిలో దీని హద్దును 2021లో 3 శాతానికి, 2022 నుంచి 2 శాతానికి తగ్గించారు. సౌదీ అరేబియా ఇంకా గట్టిగా, సగం గట్టిపరిచిన నూనెలనే నిషేధించింది. 2024 జనవరిలో ఈ పని పూర్తి చేశాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన మొదటి 5 దేశాల్లో సౌదీ ఒకటి. ఒక చెడ్డ కొవ్వు బజారు నుంచి పోవడానికి దశాబ్దాలు పట్టింది. చట్టం వచ్చాకే పోయింది.

మలయా తోటల నుంచి రేషన్ షాపుకు

పామాయిల్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1848లో దాని నాలుగు మొక్కలు జావాలోని బోగోర్ తోటకు చేరాయి. 1917లో మలయాలోని సెలంగోర్‌లో హెన్రీ ఫౌకోన్యె అనే ఫ్రెంచి దొర మొదటి వ్యాపార తోట వేశాడు. అప్పటికే మలయా రబ్బరు, కొబ్బరి ఎస్టేట్లలో తమిళులతో పాటు మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు పనిచేస్తున్నారు. 1960ల నుంచి రబ్బరు ధరలు పడిపోయి పామాయిల్ తోటలు పెరిగాయి. రబ్బరు పాలు గీసిన కుటుంబాలే పామాయిల్ గెలలు కోశాయి. 1981లో ఆఫ్రికా నుంచి ఒక చిన్న పురుగును తెచ్చి తోటల్లో వదిలారు. పువ్వుల మీద వాలి పరాగసంపర్కం చేసే పురుగు అది. అంతకుముందు ఆ పనిని కూలీలు చేత్తో చేసేవాళ్ళు. పురుగు వచ్చాక దిగుబడి పెరిగింది, చేతిపని తగ్గింది.

ఒక ఎకరంలో పామాయిల్ చెట్లు ఇచ్చినంత నూనె పల్లీ గానీ, నువ్వులు గానీ, పొద్దుతిరుగుడు గానీ ఇవ్వలేవు. పామాయిల్ ప్రపంచమంతా చవక కావడానికి ఇదే కారణం.

మన దేశానికి ముందు ప్రభుత్వ సంస్థ ద్వారానే వచ్చేది. రేషన్ షాపులో పామోలిన్ అని ఇచ్చేవాళ్ళు. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ మొదలుపెట్టింది. 1990ల మొదట్లో దేశానికి కావలసిన నూనెలో దాదాపు అంతా మన రైతులే పండించే స్థితి వచ్చింది. కానీ 1994లో 65 శాతం సుంకంతో పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు వదిలారు. తర్వాత ఆ సుంకాన్ని దశలవారీగా తగ్గించారు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గర రిఫైనరీలు లేచాయి. ఈ రోజు మన దేశం తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది.

దీని వల్ల చవక నూనె పేదవాడి ఇంటికి వచ్చింది. అది చిన్న మేలు కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పథకం కింద 185 రూపాయలకు ఇచ్చిన 9 సరుకుల్లో లీటరు పామోలిన్ ఒకటి. మరోవైపు అనంతపురం, కడప పల్లి రైతుకు కరువు ఒక దెబ్బ అయితే చవక నూనెతో పోటీ ఇంకో దెబ్బ అయింది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వచ్చినవాళ్ళను అడిగితే ఇంటి దగ్గర పల్లి చేను సంగతి చెప్పేవాళ్ళు ఉంటారు. పల్లి పండించిన కుటుంబాలవాళ్ళు ఇక్కడికొచ్చి క్యాంపుల్లో పామాయిల్‌తో వండుకుంటున్నారు.

మారిషస్ చూపించిన దారి

పామాయిల్ మంచిదా చెడ్డదా అన్న వాదనలో మాకు బాగా నచ్చిన జవాబు మారిషస్ నుంచి వచ్చింది. కరారు కూలీల పిల్లలు, మనుమలు ఉండే దేశం అది. తెలుగువాళ్ళు ఇప్పటికీ అక్కడ ఒక గుర్తింపు ఉన్న సమాజం.

1980లలో అక్కడ షుగర్, గుండెజబ్బులు బాగా పెరిగాయి. జనం వండుకునే నూనెలో ఎక్కువ భాగం ప్రభుత్వం తక్కువ ధరకు ఇచ్చే రేషన్ నూనె. అందులో ఎక్కువ పాలు పామాయిల్. 1987లో ప్రభుత్వం ఆ రేషన్ నూనెను పూర్తిగా సోయా నూనెగా మార్చింది. ఎవరినీ ఇంటింటికీ పోయి బతిమాలలేదు. షాపులో దొరికే నూనెనే మార్చింది. ఆరోగ్య ప్రచారం కూడా చేసింది.

ఐదేళ్ళ తర్వాత 1992లో పరీక్షిస్తే జనం సగటు కొలెస్ట్రాల్ 5.5 నుంచి 4.7కు దిగింది. మనం ల్యాబ్ రిపోర్టుల్లో చూసే లెక్కలో చెప్పాలంటే దాదాపు 213 నుంచి 182కు. సిగరెట్లు తగ్గడం లాంటి మార్పులు కూడా అదే సమయంలో జరిగాయి. అయినా కొలెస్ట్రాల్ తగ్గడంలో నూనె మార్పుకు పెద్ద వాటా ఉందని పరిశోధకులు లెక్కగట్టారు.

ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. ఆ ఐదేళ్ళలో మారిషస్‌లో లావైనవాళ్ళు తగ్గలేదు, పెరిగారు. షుగర్ జబ్బు కూడా పెద్దగా తగ్గలేదు. నూనె రకం మారిస్తే కొలెస్ట్రాల్ తగ్గుతుంది గానీ, ఎక్కువ తింటే ఏ నూనె అయినా ఒళ్ళు పెంచుతుంది. అన్ని నూనెల్లోనూ గ్రాముకు 9 కేలరీలే.

పొద్దుతిరుగుడు, ప్యాకెట్టు, ప్రకటన

1980ల చివరి నుంచి టీవీల్లో గుండెకు మంచిదంటూ రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె ప్రకటనలు వచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లో అది బాగా నాటుకుంది. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని పదుల సంఖ్యలో జనం చనిపోయారు. ఆ తర్వాత విడినూనె మీద నమ్మకం తగ్గి ప్యాకెట్టు నూనెకు గిరాకీ ఇంకా పెరిగింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యేసరికి పొద్దుతిరుగుడు నూనె ధర ఆకాశానికి పోయింది. అదే ఏడాది ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా ఇండోనేసియా పామాయిల్ ఎగుమతి ఆపింది. ఎక్కడో యుద్ధం జరిగితే, ఎక్కడో ప్రభుత్వం ఆర్డరు వేస్తే మన రూం డబ్బా ధర మారుతుందని ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది.

ఇప్పుడు ఊళ్ళల్లో గానుగ నూనె మళ్ళీ వచ్చింది. చాలాచోట్ల ఎద్దు బదులు కరెంటు మోటారు తిప్పుతోంది, ధర మాత్రం రెట్టింపు పైనే ఉంటోంది. కొనగలిగితే మంచిదే. రుచి, వాసన ఉంటాయి. కొనలేనివాళ్ళు బెంగపడాల్సిన పనిలేదు. రిఫైన్డ్ పల్లినూనె, పొద్దుతిరుగుడు, సోయా గుండెకు శత్రువులు కావు.

ఇక మన రూం సంగతి

బకాలాలో నిలబడినప్పుడు డబ్బా మీద బొమ్మ చూడకండి, వెనక రాత చూడండి. గల్ఫ్‌లో అరబ్బీలో ఇట్లా ఉంటుంది:

జైత్ నఖీల్ అంటే పామాయిల్. జైత్ అబ్బాద్ అష్షమ్స్ లేదా దవ్వార్ అష్షమ్స్ అంటే పొద్దుతిరుగుడు. జైత్ జురా అంటే మొక్కజొన్న నూనె. జైత్ నబాతి అంటే ఉత్త ‘వెజిటబుల్ ఆయిల్’. ఏ గింజదో పేరులో ఉండదు, చాలాసార్లు పామోలినే ఉంటుంది. సమన్ నబాతి అంటే వనస్పతి నెయ్యి. ముహద్రజ్ అనే మాట కనపడితే గట్టిపరిచిన నూనె అని అర్థం, దాన్ని అక్కడే పెట్టేయండి.

చదవడం కష్టమైతే అంకె చూడండి. పోషకాల పట్టికలో సాచురేటెడ్ ఫ్యాట్ అన్న వరస ఉంటుంది. 100 గ్రాములకు 40 దాటితే అందులో పామాయిల్ ఎక్కువగా ఉందనుకోవచ్చు. 10 నుంచి 15 మధ్య ఉంటే పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, సోయా లాంటివి. పల్లినూనె 20 దగ్గర ఉంటుంది. కొబ్బరినూనెలో 90 దాకా ఉంటుంది, అది అప్పుడప్పుడు తినాల్సింది. పట్టికలో లెక్క 100 గ్రాములకా, చెంచాకా అన్నది మాత్రం చూసుకోండి.

ఇప్పుడు ఎంత వాడాలి అన్నది. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆ సంస్థ లెక్క ప్రకారం మగవాళ్ళకు రోజుకు పైనుంచి వేసుకునే నూనె, నెయ్యి కూర్చుని పనిచేసేవాళ్ళకు 25 గ్రాములు, మామూలు పనివాళ్ళకు 30, బరువు పనివాళ్ళకు 40. ఒకే నూనె కాకుండా రెండు రకాలు మార్చి వాడమని కూడా చెబుతుంది.

రూంలో 8 మంది ఉన్నారనుకోండి. మనిషికి 30 గ్రాముల చొప్పున నెలకు 7,200 గ్రాములు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అంటే 8 లీటర్ల లోపు సరిపోవాలి. అందరూ సైటులో బరువు పని చేసినా పదిన్నర లీటర్లు. మీ రూంలో నెలకు ఎన్ని డబ్బాలు అయిపోతున్నాయో ఈ నెల లెక్క రాసుకోండి. 12 లీటర్లు వాడే రూం 8కి తగ్గించుకుంటే, ఒకటిన్నర రెట్లు ధర ఉన్న మంచి నూనె కొన్నా నెల ఖర్చు అంతే అవుతుంది. మంచి నూనె మనకు అందదు అనేవాళ్ళకు మా జవాబు ఈ లెక్కే.

వాడే పద్ధతి గురించి నాలుగు మాటలు. డబ్బాతో గంజులోకి వంచవద్దు, చెంచాతో కొలిచి వేయండి. వంట వంతు ఎవరిదైనా ఇదే రూలు పెట్టుకోండి. వేపుడు చేసిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచవద్దు. నల్లబడినా, నురగ వచ్చినా, పొగ త్వరగా లేచినా పారబోయండి. పాడైన వేపుడు నూనె వాడకూడదని 2018 నుంచి మన దేశంలో హోటళ్ళకు కూడా చట్టం ఉంది. డబ్బాను పొయ్యి పక్కన, ఎండ తగిలే కిటికీలో పెట్టవద్దు. సైటు దగ్గర తినే సమోసా, పరోటా, బిస్కెట్లలోని నూనె కూడా పై లెక్కలోకే వస్తుంది.

కంపెనీ మెస్సులో తినేవాళ్ళు ఒక్కరు పోయి అడిగితే పట్టించుకోకపోవచ్చు. పదిమంది కలిసి ఏ నూనె పోస్తున్నారని మర్యాదగా అడగండి, డబ్బా చూపించమనండి. మారిషస్‌లో దేశం మొత్తానికి షాపులో నూనె మారింది. మెస్సులో మారితే వందమందికి మారినట్టే. కావాలంటే ఉత్తరం రాసిపెట్టడానికి మన వేదిక వాళ్ళం వస్తాం.

35 ఏళ్ళు దాటినవాళ్ళు ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. వేదిక పెట్టే వైద్య శిబిరాలకు డ్యూటీ లేని రోజు రండి. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు వస్తే గ్యాస్ అని పడుకోకండి, వెంటనే ఆసుపత్రికి పోండి. ఈ వ్యాసాన్ని చదవడం రాని అన్నలకు, తమ్ముళ్ళకు రూంలో ఎవరైనా చదివి వినిపించండి. అరబ్బీ పేర్లున్న పేజీని ఫోటో తీసి పెట్టుకోండి, బకాలాలో పనికొస్తుంది.